సంచి కోసిన చెట్టు

మనిషి నెత్తురు ఒంటి బయట తిరుగుతుంటే చూడాల్సి వస్తుందని అంట్లక్క ఏనాడూ అనుకోలేదు. ఆమె వచ్చింది తోటకు మొక్కలు ఎంచడానికి. గేటు దగ్గర అడిగితే లోపల సిస్టరును కలవమన్నారు. చెప్పులు విప్పి తలుపు తోసింది. తోసి అక్కడే ఆగిపోయింది. వాలుకుర్చీల్లాంటి మంచాలు తొమ్మిది, ఒక్కోదాని మీద ఒక్కో మనిషి, గొంతుదాకా దుప్పటి. ప్రతి మంచం పక్కనా ఛాతీ ఎత్తు మిషను. మిషను ముఖాన చిన్న చక్రం గిర్రున తిరుగుతోంది. దాని మీదుగా సన్నటి గొట్టంలో ఎర్రగా, చిక్కగా ఏదో పోతోంది, మళ్ళీ వస్తోంది. ఆ గొట్టం కొస ఎక్కడుందా అని చూస్తే, అది మనిషి చేతిలో ఉంది.

అదేమిటో అర్థమయ్యాక ఆమె తలుపును పట్టుకుంది. చేతిలో ఉన్న కొలత టేపు జారి, దొర్లుకుంటూ కిటికీ దాకా పోయింది.

"పడిపోకు తల్లీ, ఇప్పుడే నేల తుడిచి వెళ్ళారు," అన్నాడు కిటికీ పక్కన నాలుగో నంబరు మంచం మీద పడుకున్న పెద్దాయన.

ఆయన బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన మనిషి. ఎడమచేతికి రెండు సూదులు, వాటిమీద ప్లాస్టర్లు. కుడిచెయ్యి ఖాళీగా ఉంది. ఆ చేత్తో కిటికీ అద్దం మీద ఒక్క దెబ్బ కొట్టాడు. అవతలి మూలనున్న సిస్టరు తిరిగి చూసింది. "ఒక దెబ్బ కొడితే ఆపమని, రెండు కొడితే పోనిమ్మని," అని అంట్లక్కకు చెప్పాడు. "ముప్పై ఏళ్ళు బస్సు రేకు మీద కొట్టిన చెయ్యి. ఊరుకోమంటే ఊరుకోదు."

"నొప్పిగా లేదా బాబాయ్?" అని అడిగింది ఆమె.

"సూది గుచ్చినప్పుడే. ఆ తర్వాత నాలుగు గంటలు ఊరికే పడుండటమే. వారానికి మూడుసార్లు. నేను రిటైరయ్యాను, వెనకే నా కిడ్నీలూ రిటైరయ్యాయి. అంత స్నేహం మాది."

సిస్టరు నవ్వుకుంటూ వచ్చి టేపు తీసి చేతికిచ్చింది. మిషన్లు నెల నుంచీ నడుస్తున్నాయట, ప్రారంభోత్సవం మాత్రం ఆ రిబ్బను కత్తిరించే పెద్దమనిషికి తీరిక దొరికాక, అంటే ఇంకో మూడు రోజుల్లో. ఆలోపు గేటు దగ్గరా, ఈ కిటికీల ముందూ తోట లేవాలి. అంట్లక్క కిటికీలోంచి చూసింది. పది అడుగుల వెడల్పు ఖాళీ జాగా. అందులో పగిలిన ఇటుకలు, గడ్డకట్టిన సిమెంటు బస్తాలు, ఒక విరిగిన తొట్టి. దాని వెనక సున్నం కూడా వేయని గోడ. నెలరోజులుగా వీళ్ళు నాలుగేసి గంటలు ఆ గోడనే చూస్తున్నారు.

అంట్లక్క అన్నది ఆమె పేరు కాదు. నర్సరీలో ఇరవై రెండేళ్ళుగా అంట్లు కడుతోంది కాబట్టి ఆ పేరు పడింది. కొత్తగా చేరినవాళ్ళు గిన్నెలు తోముతుంది కాబోలనుకుంటారు. ఆమె చేతిలో చిన్న కత్తి, ఒక కొమ్మ మీద ఇంకో కొమ్మ కన్నును అతికించే తీరు ఒకసారి చూస్తే చాలు, నోరు మూసుకుని పక్కన కూర్చుంటారు. మొక్కలు ఎంచడానికి ఆమెను బయటికి పంపడం మాత్రం ఇదే మొదలు. ఎప్పుడూ వెళ్ళే, పందిళ్ళకు మొక్కలు సర్దే మేస్త్రికి ఇంకోచోట పని పడింది.

మొక్కను ఎంచేముందు దాన్ని చూసేవాళ్ళు ఎవరో తెలియాలని ఆమె పట్టుదల. అందుకే మంచం మంచం దగ్గరికీ వెళ్ళింది. "మీకేం పూలిష్టం?" అని అడిగింది. గొట్టాలకేసి చూడకుండా ముఖాలకేసే చూస్తూ అడిగింది.

ఐదో నంబరులో ఒక దర్జీ ఆవిడ. పదేళ్ళుగా జాకెట్లు కుట్టిన వేళ్ళు, దుప్పటి అంచును మడతపెడుతూనే ఉన్నాయి. "ఏవైనా పెట్టమ్మా. ఎరుపు మాత్రం వద్దు," అంది. "ఎర్ర మందారం, ఎర్ర గులాబీ, ఏ ఎరుపూ వద్దు. నాలుగు గంటలూ ఆ రంగే కళ్ళముందు తిరుగుతుంది. ఇంటికెళ్ళి కళ్ళు మూసుకున్నా అదే."

అంట్లక్క బొడ్డులోని కాగితం తీసింది. అందులో నర్సరీ అయ్యగారు రాసిచ్చిన మొదటి మూడు పేర్లూ ఎర్రపూలే. ఇరవై రెండేళ్ళలో ఇంత చిన్న సంగతి తనకు తోచలేదే అని సిగ్గేసింది. పెన్సిలు తీసి ఆ మూడూ అక్కడికక్కడే కొట్టేసింది.

"నాకు పువ్వుల కన్నా చెట్టు కావాలి," అన్నాడు కండక్టరుగారు. "ముప్పై ఏళ్ళు కిటికీలోంచి చెట్లన్నీ వెనక్కి పరిగెడుతుంటే చూశాను. ఒక్కటీ సరిగ్గా చూసింది లేదు. ఇప్పుడు నేను కదలను. అదొకటి నా ఎదురుగా నిలబడితే చాలు. కానీ ఎండకు అడ్డం రాకూడదు తల్లీ. మిషను మీద ఉంటే ఒళ్ళు చల్లబడిపోతుంది. చలికాలం ఆ కిటికీ ఎండే మాకు రెండో దుప్పటి."

"చలికాలం ఎండ రావాలి, వేసంగిలో నీడ ఉండాలి. అంతేగా?"

"అంతే. అలాంటి చెట్టు తయారుచేశాడా దేవుడు?"

"చేశాడు. తెల్ల కాంచనం. చలికి ఆకంతా రాల్చేస్తుంది. చచ్చిపోయిందనుకుని కంగారుపడకండి. చలి పోయేనాటికి ఒట్టి కొమ్మల నిండా పూలు. ఆ తర్వాత ఆకు, వేసంగి అంతా నీడ."

కండక్టరుగారు వేళ్ళ మీద నెలలు లెక్కపెట్టాడు. "ఇంకా నాలుగు నెలలు. నా టికెట్టు అంతదూరం ఉందో లేదో."

"పొడిగించుకోండి. కండక్టరు మీరేగా," అంది అంట్లక్క. ఆ మాట తన నోటెలా వచ్చిందో ఆమెకే తెలియదు. పెద్దాయన పెద్దగా నవ్వాడు. మిషను కుయ్‌మని అరిచింది. సిస్టరు వచ్చి, చెయ్యి కదపొద్దని కోప్పడి, ఏదో మీట నొక్కి వెళ్ళింది.

బయటికొచ్చి జాగా కొలుస్తుంటే గోడ పక్కన గొట్టంలోంచి నీళ్ళు దబదబా కాలువలోకి పోతున్నాయి. మిషన్లకు నీళ్ళు వడగట్టగా మిగిలినవట, రోజూ డ్రమ్ములకు డ్రమ్ములు. అంట్లక్క దోసిట్లో పట్టి నాలుక్కి తగిలించుకుంది. కాస్త ఉప్పన. గులాబీ తట్టుకోదు. నందివర్ధనం, కాంచనం ఓర్చుకుంటాయి. ఇన్ని నీళ్ళుండగా తోట ఎండమన్నా ఎండదని కాగితం వెనక రాసుకుంది.

*

మర్నాడు నర్సరీలో ఆమె మొక్కలు ఎంచింది. చూసేవాళ్ళకు అది పిల్లకు సంబంధం చూస్తున్నట్టే ఉండింది. ముందు పువ్వు వంక చూడనే చూడదు. సంచి ఎత్తి అడుగు చూస్తుంది. చిల్లుల్లోంచి వేరు బయటికొచ్చి గట్టిపడి ఉంటే పక్కన పెడుతుంది. సంచిలోనే సుడి తిరిగిన వేరు నేలలో పెట్టినా సుడే తిరుగుతుంది, ముందుకు పోవడం దానికి చేతకాదు. తర్వాత కాండం మొదట్లో గోటితో గీకి లోపలి పచ్చదనం చూస్తుంది. ఆకు తిప్పి వెనక పురుగు చూస్తుంది. ఇవన్నీ అయ్యాకే పువ్వు.

అలా ఆరు నందివర్ధనాలు, రెండు పచ్చ సువర్ణగన్నేర్లు, ముందువరసకు ఊదారంగు డిసెంబరాలు, గోడ మీదికి పాకడానికి నీలి శంఖుపూల తీగలు నాలుగు తీసింది. ఎరుపన్నది ఒక్కటి లేదు.

అయ్యగారు వచ్చి చూశాడు. మంచి మనిషే. పెళ్ళై వచ్చిన ఏడాదికే ఆమెకు పని ఇచ్చాడు. నర్సరీలో నీడ వలల షెడ్డు వెనక రెండు గదులు ఇచ్చాడు. వాటిలోనే ఆమె, రాత్రి కాపలా చేసి పగలు నిద్రపోయే మొగుడు, ఆడపడుచు బతుకుతున్నారు. "ఫోటోలో నిండుగా కనబడాలి, అంతే," అన్నాడు. "గేటు వైపు మేస్త్రి చూసుకుంటాడు. కిటికీల వైపు నీ ఇష్టం. ఎక్కువ ఆలోచించకు."

"కాంచనం కావాలయ్యగారూ. ఆ పెద్దది."

అయ్యగారు గడ్డం గోక్కున్నాడు. ఆ చెట్టు మనిషిన్నర ఎత్తు, గొడుగులా సమంగా విప్పుకున్న తల. తొమ్మిదేళ్ళ క్రితం గింజ నాటింది అంట్లక్కే. ఏడాదికో రెండేళ్ళకో వేళ్ళు కత్తిరించి, ఇంకో సంచిలోకి మార్చిందీ ఆమే. ఇన్నాళ్ళయినా ఎవరూ కొనలేదేమని అప్పుడప్పుడు అనుకునేది, పనిలో పడి మరిచిపోయేది. "సరే, తీసుకో. అది కనబడితే చాలు, మిగతావి కనబడకపోయినా ఫర్వాలేదు," అన్నాడాయన.

ఆ సాయంత్రం ఇంట్లో ఆమె కంచం ముందు కూర్చుని ఊరికే కెలుకుతుంటే ఆడపడుచు కనిపెట్టింది. "ఏంటి వదినా, పెళ్ళిచూపులకు వెళ్ళొచ్చినట్టు ఆ ముఖం?"

"నెత్తురు చూశానే. గొట్టాల్లో."

"తింటుంటే ఆ మాటలెందుకు చెప్తావ్," అని ఆడపడుచు నీళ్ళు తాగింది. తాగి, ఉండబట్టలేక అడిగింది. "బతుకుతారా వాళ్ళు?"

"బతకడానికేగా ఆ పాట్లు. అందులో ఒకాయన మన కాంచనం పూసేదాకా ఉంటానన్నాడు."

"నువ్వే ఉండమని ఉంటావ్. నీ సంగతి నాకు తెలియదూ. గులాబీ కొమ్మకు కూడా మాటిచ్చి గానీ కత్తి పెట్టవు."

మూడోరోజు పొద్దున్నుంచీ అంట్లక్క, సిమెంటు గడ్డలు ఏరడానికి ఇద్దరు కూలీలు, కిటికీల ముందు నేలతో కుస్తీ పట్టారు. మేస్త్రి మనుషులు గేటు దగ్గరికి మర్నాడు తెల్లారి వస్తారట. గుంట తీసి, అడుగున ఎర్రమన్నూ ఎరువూ కలిపి, సంచి నిలువునా కత్తితో ఒక గీత, ఎదురువైపు ఇంకో గీత. అరటిపండు తొక్క వలిచినట్టు సంచి ఊడొచ్చేది. వేళ్ళను కాస్త సడలించి దింపేది. కోసిన సంచులు కడిగి, ఒకదాన్లో ఒకటి దోపి మూట కట్టింది. సంచి కొయ్యమని ఎవరూ ఆమెకు చెప్పలేదు. ఊపిరి పీల్చమని కూడా ఎవరూ చెప్పరు గదా.

అద్దం అవతల దర్జీ ఆవిడ ఖాళీ చేతి వేలితో కాస్త ఎడమకు, ఇంకాస్త, అని చూపించింది. నందివర్ధనం సరిగ్గా ఆవిడ కంటికెదురుగా వచ్చినప్పుడు కండక్టరుగారు అద్దం మీద ఒక దెబ్బ కొట్టాడు. ఆపమని. మన్ను కప్పాక రెండు కొట్టాడు. ఆ తర్వాత ప్రతి మొక్కకూ ఆయన బస్సు ఆపుతూ, నడుపుతూనే ఉన్నాడు. కాంచనం గుంట మాత్రం తీసి ఉంచింది. అంత బరువు ఎత్తడం ముగ్గురితో అయ్యేపని కాదు, మేస్త్రి మనుషులే దింపాలి.

*

ప్రారంభోత్సవం నాడు ఆమె వచ్చేసరికి పొద్దెక్కింది. గేటు దగ్గర తోట లేచి నిలబడింది. నిన్న బీడుగా ఉన్నచోట ఇవాళ బారులు తీరిన పొదలు, గుత్తులు గుత్తులుగా పూలు. ఎర్రవి కూడా ఉన్నాయి. పోనీలే, అవి కిటికీలకు కనబడవు. కాంచనం దాని గుంటలో నిలబడి ఉంది. మొదట్లో మన్ను చదును చేసి పైన కొబ్బరిపీచు పరిచారు. సంచి తీశారా అని ఆమె అడగలేదు. అది తింటున్నవాణ్ణి నోట్లోనే పెట్టుకుంటున్నావా అని అడగడంలాంటి ప్రశ్న.

పెద్దమనిషి వచ్చాడు. కత్తెర, చప్పట్లు, ఫోటోలు. కాంచనం మాను మీద చెయ్యి వేసి నిలబడి, ఈ తోట రోగులకు కొత్త ఊపిరి పోస్తుందని మైకులో చెప్పాడు. ఆ మాట వింటుంటే అంట్లక్కకు గుండె నిండింది. నీళ్ళ గొట్టం చాటున నిలబడి కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

"భలే ఎంచావు చెల్లెమ్మా," అన్నాడు పందిళ్ళ మేస్త్రి పక్కకొచ్చి. నెరిసిన మీసాల మనిషి. ఎండైనా వానైనా మెడలో తువ్వాలు ఉండాల్సిందే. "ఫోటోల వాళ్ళంతా కిటికీ వైపే ఎగబడ్డారు."

*

మర్నాడు ఆమెకు సెలవు. అయినా మొదటి వారం నీళ్ళు దగ్గరుండి పెట్టాలని పొద్దున్నే బయల్దేరింది. మలుపు తిరిగేసరికి గేటు దగ్గర లారీ కనబడింది. లారీ మీద ఇద్దరు, కింద ముగ్గురు. కిందివాళ్ళు పొద మొదట్లో చేతులు పెట్టి, మన్ను ఇటూ అటూ తోసి, ఒక్క గుంజుడుతో మొక్కను సంచితో సహా పైకి తీస్తున్నారు. లారీ మీదివాళ్ళు అందుకుని సర్దుతున్నారు. సగం తోట అప్పటికే లేదు. వరసగా గుంటలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

దొంగలు. ఆమెకు తోచిన మొదటి మాట అదే. పరుగెత్తింది. చెప్పు ఒకటి ఎక్కడో ఊడిపోయింది. "దించండ్రా, ఎవరు మీరు, దించండి," అని లారీ తలుపు పట్టుకుంది. లారీ వెనకనుంచి మేస్త్రి తువ్వాలుతో ముఖం తుడుచుకుంటూ వచ్చాడు.

"నువ్వా చెల్లెమ్మా. ఇవాళ నీకు సెలవు కదా?"

ఆమె ఆయన్ని చూసింది, మొక్కల్ని చూసింది, మళ్ళీ ఆయన్ని చూసింది. "ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"ఇంకెక్కడికి. రేపు ఇంకోచోట ప్రారంభోత్సవం ఉంది. అద్దె సరుకు కదా." మేస్త్రి చాలా మామూలుగా చెప్పాడు. "ఇవే మొక్కలు, ఈ నెలలో ఇది మూడో తోట. నీకు తెలియదా ఏం?"

పందిళ్ళకు కుండీలు అద్దెకు పోవడం ఆమెకు తెలుసు. కుండీ అంటే కుర్చీలాంటిది, వేస్తారు, తీస్తారు. నేలలో పెట్టిన మొక్కను తీసుకుపోతారని, తీసుకుపోవడానికే పెడతారని, ఆ సంగతి ఆమె బుర్రకు ఎక్కలేదు. లారీ టైరు పట్టుకుని కింద కూర్చుండిపోయింది. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకునేవాళ్ళను చూసింది గానీ, చెట్టునే చూపించి ఎత్తుకుపోవడం ఎన్నడూ చూడలేదు. నిన్న మైకులో ఆ మాట చెప్పిన మనిషికి తెలుసా ఇది? తెలిసే అన్నాడా?

"అయ్యగారు నీతో చెప్పారనుకున్నా," అన్నాడు మేస్త్రి కాస్త మెత్తబడి. "నేను చెప్పి ఉంటాననుకున్నట్టున్నారు ఆయన. లే, నీళ్ళు తాగు."

అప్పుడు లోపల్నుంచి మిషను అరుపు వినబడింది. ఒకటి, దాని వెనక రెండోది, మూడోది. అంట్లక్క లేచి ఒంటి చెప్పుతోనే కిటికీల వైపు పరుగెత్తింది. మేస్త్రి మనుషులు ఇద్దరు అక్కడికి చేరిపోయారు. కాంచనం చుట్టూ మన్ను తవ్వి, నల్లసంచి సగందాకా బయటపెట్టి, మొదటికి తాడు కట్టారు. అద్దం అవతల తొమ్మిది ముఖాలు. లేవలేరు, రాలేరు. చేతికి సూదులు, సూదులకు గొట్టాలు, గొట్టాలకు మిషన్లు. ఏం జరుగుతోందో చూడాలని మెడలు ఎత్తి, ఒళ్ళు తిప్పేసరికి మిషన్లు ఒక్కొక్కటే అరుస్తున్నాయి. సిస్టర్లు అటూ ఇటూ ఉరుకుతున్నారు. దర్జీ ఆవిడ నోరు తెరుచుకుని అలాగే చూస్తోంది. కండక్టరుగారు అద్దం మీద ఒక దెబ్బ కొట్టాడు. కాసేపాగి మళ్ళీ ఒక్కటే. మళ్ళీ ఒక్కటి. ఎవరూ ఆపలేదు.

పెద్ద సిస్టరు బయటికొచ్చింది. "మాకెవరూ చెప్పలేదు మేస్త్రిగారూ. వాళ్ళకు నేనేం చెప్పను?" అంది. ఆఫీసులో అడిగితే తోటను మూడు రోజుల అద్దెకే మాట్లాడుకున్నామన్నారట.

"ముందు చిన్నవి లాగండి," అన్నాడు మేస్త్రి, ఆవిడ ముఖం చూడకుండా. ఒకడు నందివర్ధనం మొదట్లో చేతులు పెట్టి గుంజాడు. అది వచ్చింది. కింద సంచి లేదు. మన్ను జలజలా రాలిపోయి, తెల్లటి వేళ్ళు గాలిలో వేలాడాయి. వాడు చేతిలో మొక్కతో అలాగే నిలబడిపోయాడు.

ఈసారి కొయ్యబారిపోవడం మేస్త్రి వంతైంది. "సంచేదీ?" అన్నాడు. వంగి, పక్కదాని మొదట్లో వేళ్ళు దూర్చి వెతికాడు. దాని పక్కదాని దగ్గరా వెతికాడు. "సంచులేవి చెల్లెమ్మా?"

"కోసేశాను."

"అన్నీనా?"

"సంచితో ఎవరైనా పాతిపెడతారా?" అంది అంట్లక్క. ఎదురు ప్రశ్న వెయ్యాలని కాదు, నిజంగానే అడిగింది.

మేస్త్రికి ముప్పై ఏళ్ళ అనుభవం. ఇలాంటి పొరపాటు ఆయన కనలేదు, వినలేదు. నెత్తి మీద చెయ్యి పెట్టుకుని గోడవైపు నాలుగడుగులు వేసి, అయ్యగారికి ఫోను చేశాడు. అంట్లక్క ఆ కూలీ చేతిలోని నందివర్ధనాన్ని లాక్కుని గుంటలో పెట్టి, మన్ను తోసి, పాదంతో అదిమింది.

మేస్త్రి తిరిగొచ్చాడు. ముఖం కాస్త తేటపడింది. ఆమె పక్కనే గొంతుక్కూర్చుని, కూలీలకు వినబడకుండా మెల్లగా మాట్లాడాడు. "తెలియక చేసిందని చెప్పాను. మొదట ఎగిరారు, తర్వాత తగ్గారు. చిన్నవి ఎటూ పనికిరావు, లాగితే కట్టెలు, వదిలేద్దామన్నారు. ఈ పెద్దది మాత్రం ఇంకో గంటలో లారీ ఎక్కాలి. రేపటి పనికి దీన్ని చూసే ఒప్పుకున్నారట అవతలివాళ్ళు. ఇది వస్తే నీ పనికీ, నీ గదులకూ వచ్చిన ఢోకా ఏం లేదు. అదృష్టవంతురాలివి. దీని సంచి మావాళ్ళు కొయ్యలేదు."

అంట్లక్క కాంచనం వంక చూసింది. నల్లసంచి అంచుకు తన చేత్తో వేసిన కుట్టు కనబడుతోంది. ఇది నాలుగో సంచో, ఐదో సంచో. వేళ్ళు బయటికొచ్చిన ప్రతిసారీ కత్తిరించింది ఎవరు? తనే. ఎవరూ కొనలేదేమని అనుకుంది గానీ, ఎవరికీ అమ్మలేదేమని ఒక్కసారీ అడగలేదు. తొమ్మిదేళ్ళుగా ఈ చెట్టు ఎన్ని తోటల్లో నిలబడి వచ్చిందో. లారీలో పోయినప్పుడు షెడ్డులో తను అంట్లు కడుతూ ఉండి ఉంటుంది. ఇవాళ్టి దాంట్లో అన్నిటికంటే పెద్ద దెబ్బ ఆమెకు అదే.

గదులు రెండు. పగలు నిద్రపోయే మొగుడు, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడే మనిషి. ఆడపడుచు. పిలిచి పని ఇచ్చిన అయ్యగారు. ఇన్నాళ్ళలో ఆయన ఆమెను ఒక్క మాట అన్నది లేదు. ఇవన్నీ ఆమెకు గుర్తొచ్చాయి. గుర్తురాలేదని ఎవరైనా చెబితే నమ్మకండి.

"ఏమంటావు? తాడు లాగమననా?" అన్నాడు మేస్త్రి.

అద్దం మీద ఒక దెబ్బ పడింది.

అంట్లక్క బొడ్డులోంచి కత్తి తీసింది. అంట్లు కట్టే కత్తి, చిటికెన వేలంత. గుంటలోకి దిగి, సంచి అంచు పట్టుకుని పైనుంచి కిందికి ఒక్క గీత గీసింది. మందపాటి సంచి బర్రున చీలింది. చుట్టూ తిరిగి ఎదురువైపు ఇంకో గీత. పక్కల రెండు. తాడు పట్టుకున్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టి చూస్తున్నారు గానీ ఒక్కడూ కదల్లేదు. సంచి నాలుగు ముక్కలై వేలాడింది. లోపల వేళ్ళు సంచి ఆకారంలోనే గుండ్రంగా సుడి తిరిగి, ఒకదాన్నొకటి పట్టుకుని బిగుసుకుపోయి ఉన్నాయి. ఆమె వాటి మధ్య చేతివేళ్ళు దూర్చి, విడదీసి, గట్టిపడినవాటిని తెంపి, మిగతావాటిని నేల వైపు మళ్ళించింది. మన్ను దబదబా రాలింది.

మేస్త్రి ముఖంలో నెత్తురుచుక్క లేదు. "ఏం చేశావో తెలుస్తోందా నీకు?"

"తెలుస్తోంది."

"తెలియక చేసిందని చెప్పాను కదా ఆయనతో. ఇప్పుడేం చెప్పను?"

"అవి తెలియక కోశాను," అంది అంట్లక్క, నందివర్ధనాల వైపు చూపించి. "ఇది తెలిసే కోశానని చెప్పు అన్నా."

మేస్త్రి ఫోను తీసి గోడవైపు నడిచాడు. ఈసారి అటునుంచి వచ్చిన గొంతు గుంటదాకా వినబడింది. తిరిగొచ్చి, మెడలో తువ్వాలు తీసి దులిపి మళ్ళీ వేసుకున్నాడు. "సాయంత్రానికల్లా గదులు ఖాళీ చెయ్యాలట," అన్నాడు. ఆమెకేసి చూడలేక కాంచనం కొమ్మలకేసి చూస్తూ అన్నాడు.

"నీళ్ళు పెట్టి వెళ్తాను," అంది ఆమె.

పార కోసం చూసింది. తాడు పట్టుకున్నవాళ్ళలో ఒకడు దాన్ని వదిలేసి, పార తెచ్చి ఆమె చేతికిచ్చి, తల వంచుకుని లారీ వైపు వెళ్ళిపోయాడు. లోపల మిషన్ల అరుపులు ఎప్పుడు ఆగాయో ఆమె గమనించలేదు. పారతో మన్ను తోసి వేళ్ళు కప్పింది. కాలువలోకి పోతున్న నీళ్ళకు అడ్డంగా రెండు ఇటుకలు పెట్టి, పాదు దాకా సన్నటి దారి గీసింది. నీళ్ళు మెల్లగా తిరిగి, మొదటిసారి ఆ చెట్టు మొదట్లోకి వచ్చాయి.

అప్పుడు అద్దం మీద చప్పుడైంది. ఒకటి. అంట్లక్క పార పట్టుకుని ఆగింది. వెంటనే రెండోది వినబడింది.